రేడియో వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: గంట చక్రం, రోజు పట్టిక

పోయిన పాఠంలో జింగిల్‌కీ (స్టేషన్ పేరును పాడి వినిపించే చిన్న ముక్క), స్వీపర్‌కీ (పాటల మధ్య స్టేషన్ పేరును మాటల్లో చెప్పే ముక్క) తేడా పట్టుకున్నాం. ఈసారి ఒక స్టేషన్ ఫార్మాట్‌ను, అంటే ఏది ఎప్పుడు ఎంతసేపు వేస్తుందనే పద్ధతిని, కాగితం మీద పెడదాం. నోటుబుక్కు, గడియారం, రేడియో చాలు. ఫోన్‌లోని ఎఫ్ఎంలో వినేవాళ్లు వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, అదే యాంటెన్నా. బ్లూటూత్‌ది ఆ పనికి రాదు.

వరంగల్‌లో ఉన్నవాళ్లు 93.5లో రెడ్ ఎఫ్ఎం, 103.5లో ఆకాశవాణి తీసుకోండి. నిజామాబాద్‌లో ఆకాశవాణి 103.2, ఆదిలాబాద్‌లో 100.2.

ముందు ప్రైవేటు స్టేషన్. పేజీ నిండా ఒక వృత్తం గీసి గడియారంలా 60 నిమిషాలు గుర్తు పెట్టండి. ఉదయం 8 నుంచి 9 దాకా వింటూ ఏది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో వృత్తంలో రాయండి. పాటకు ‘పా’, ప్రకటనకు ‘ప్ర’, ఆర్జే మాటకు ‘మా’, జింగిల్, స్వీపర్ రెండిటికీ ‘జి’. రేడియోవాళ్లు కూడా ఇలాంటి చక్రం గీసుకునే గంటను నడిపిస్తారు, దాన్ని హాట్ క్లాక్ అంటారు. వాళ్లు ముందు గీస్తారు, మనం విన్నాక గీస్తున్నాం.

ఉదాహరణకు లెక్క ఇలా వచ్చిందనుకుందాం: పాటలు 38 నిమిషాలు, ప్రకటనలు 13, మాటలు 6, జింగిళ్లు 3. ఇంతటితో ఆగితే సగం పనే అయినట్టు. ఆర్జే మాటల్లో మన ఊరి సంగతి వచ్చిన ప్రతిసారీ పక్కన ఒక చుక్క పెట్టండి. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్, కరెంటు కోత, నల్లా నీళ్లు, కాజీపేట నుంచి ఫోన్ చేసిన అక్క, ఇట్లాంటివి. ప్రైవేటు ఎఫ్ఎంకు సొంతంగా వార్తలు తయారు చేసి చదివే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చంతే. కానీ ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఉద్యోగాలు, నీళ్లు, కరెంటు సమాచారాన్ని కేంద్ర ప్రభుత్వ 2011 ఎఫ్ఎం విధానం వార్తల కింద లెక్కపెట్టదు. కాబట్టి స్టేషన్‌కు మన ఊరి మీద ఎంత ధ్యాస ఉందో ఈ చుక్కల్లోనే తెలుస్తుంది. పాటలదేముంది, హిట్ పాట ఏ ఊళ్లోనైనా ఒకటే.

నెల తర్వాత అదే వారం (సోమవారం విన్నారంటే సోమవారమే), అదే గంట మళ్లీ వినండి. పాటల నిమిషాలు మారకుండా మాటలు 6 నుంచి 2కు తగ్గి, చుక్కలు ఒక్కటీ లేకపోతే, ఆ షో వేరే ఊరి నుంచి వస్తుండొచ్చు, లేదా ముందే రికార్డు చేసి పెట్టి ఉండొచ్చు. రూఢి చేసుకోవాలంటే ఆర్జే టైం చెబుతున్నాడా, బయట పడుతున్న వాన సంగతి ఎత్తుతున్నాడా చూడండి. ఫార్మాట్ మార్పు ముందుగా కనిపించేది ఇక్కడే. నినాదం తర్వాతెప్పుడో మారుతుంది, ఒక్కోసారి మారనే మారదు. పేరు మారినంత మాత్రాన ఫార్మాట్ మారిందనీ అనుకోవద్దు. తెలుగు ఊళ్లలో ఎస్ ఎఫ్ఎంగా మొదలైన స్టేషన్లు తర్వాత రెడ్ ఎఫ్ఎం అయ్యాయి. అలాంటప్పుడు పాత చక్రం, కొత్త చక్రం పక్కపక్కన పెడితే గానీ ఏం మారిందో చెప్పలేం.

ఒక జాగ్రత్త. బతుకమ్మ రోజుల్లో, మేడారం జాతర వారంలో ఈ లెక్క రాయకండి. అప్పుడు అందరికీ మన ఊరు గుర్తొస్తుంది.

ఇక ఆకాశవాణి. చాలామంది ఇక్కడ కూడా గంట చక్రమే గీసి, ‘దీనికి ఫార్మాటే లేదు’ అని తేల్చేస్తారు. అది తప్పు కొలత. ఆకాశవాణి గంటను కాదు, రోజును, వారాన్ని పంచుకుంటుంది. వారంలో ఏ రోజు ఏ సమయానికి ఏ కార్యక్రమమో నిర్ణయించే పట్టికను అక్కడ ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అంటారు, ఏ రోజుకారోజు వివరాలు క్యూ షీట్‌లో ఉంటాయి. వార్తలు, వ్యవసాయం, సినిమా పాటలు, జానపదాలు దేని చోటు దానిదే. ఆదిలాబాద్ కేంద్రం గోండీలోనూ కార్యక్రమాలు ఇస్తుంది. ఏదో ఒక రోజు ఒక గంట విని ఊరుకుంటే ఆ సంగతే మీకు తెలియకపోవచ్చు.

అందుకే 103.5కు వృత్తం వద్దు, గళ్లు గీయండి. పైన సోమవారం నుంచి ఆదివారం దాకా, పక్కన అరగంటల చొప్పున సమయం. అన్నీ ఒక్కరే వినడం అయ్యే పని కాదు. ఇంట్లోవాళ్లకు తలా ఒక పూట అప్పజెప్పండి. పొద్దున రేడియో పెట్టే అలవాటున్న తాతయ్య ఉంటే మీ అదృష్టం, సగం గళ్లు వినకుండానే నింపేస్తారు. అయినా ఒకసారి విని సరిచూడండి, ఆయన చెప్పేది పదేళ్ల కిందటి పట్టిక కావచ్చు. తేడా వస్తే ఆ పాత గడి కొట్టేయకండి, పక్కన వేరే రంగుతో రాయండి. ఒక కార్యక్రమం పోయి దాని చోట్లో ఏమొచ్చిందో తెలిసేది దాంతోనే.

ఈ వారం పని: ప్రైవేటు స్టేషన్‌కు రెండు చక్రాలు, ఒకటి ఉదయం 8 గంటలది, ఒకటి రాత్రి 9 గంటలది. ఆకాశవాణికి ఒక వారం పట్టిక. వచ్చే పాఠంలో మీ చక్రంలోని ‘మా’ ముక్కను ఒకటి తీసుకుని, 30 సెకన్ల లింక్ (రెండు పాటల మధ్య ఆర్జే చెప్పే మాట) ఎలా రాయాలో చూద్దాం.