యూరిన్‌కి వెళ్తే మంటగా ఉందా? ముందు ఏం చేయాలి, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి

మన ఇళ్ళల్లో యూరిన్‌కి వెళ్తే మంటగా ఉంది అనగానే వచ్చే మాట ఒకటే, "వేడి చేసింది". మామిడిపళ్ళు తిన్నావుగా, ఎండలో తిరిగావుగా, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు, మజ్జిగ తాగు, తగ్గిపోతుంది అంటారు. ఇందులో కొంచెం నిజం లేకపోలేదు, కానీ ఆ కొంచెం నిజాన్ని నమ్ముకునే చాలామంది నాలుగైదు రోజులు లాగించేసి చివరికి చలిజ్వరం వచ్చాక హాస్పిటల్‌కి పరిగెడతారు.

మొదట రంగు చూడండి. ఎండాకాలంలో నీళ్ళు సరిగ్గా తాగకపోతే యూరిన్ చిక్కబడి ముదురు పసుపులో వస్తుంది, అప్పుడు కాస్త చురుక్కుమంటుంది, మనవాళ్ళు వేడి అనేది చాలాసార్లు దీన్నే. నీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు ఏవైనా సరే బాగా తాగితే ఒక రోజులో రంగు తేలిపోయి మంట కూడా పోవాలి. (బీకాంప్లెక్స్ టాబ్లెట్ వేసుకున్నా మంచి పసుపు వస్తుంది, కంగారు పడకండి.) రంగు తేలిపోయింది కానీ మంట అలాగే ఉంది అంటే అది వేడి కాదు. కిడ్నీ ప్రాబ్లం, హార్ట్ ప్రాబ్లం ఉండి డాక్టర్ నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు మాత్రం ఈ పని సొంతంగా చేయొద్దు.

తర్వాత మంట ఎక్కడ, ఎప్పుడు వస్తోందో గమనించండి, డాక్టర్ అడిగేది కూడా ఇదే. మాటిమాటికీ వెళ్ళాలనిపించి, వెళ్తే నాలుగు చుక్కలే వచ్చి, పొత్తికడుపులో నొప్పి, వాసన, మడ్డిగా రావడం, ఇవన్నీ ఉంటే ఎక్కువగా యూరిన్ ఇన్ఫెక్షన్. బయట చర్మం మీద యూరిన్ తగిలినప్పుడే మంట, దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే ఫంగస్ కావచ్చు, షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ టాబ్లెట్లు వాడేవాళ్ళకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ మందు షుగర్‌ని యూరిన్‌లోంచే బయటికి పంపిస్తుంది. నడుము పక్కన మొదలై గజ్జల్లోకి పొడుచుకుంటూ వచ్చే నొప్పి అయితే కిడ్నీలో రాయి కావచ్చు. కండోమ్ లేకుండా కలిసిన తర్వాత మంట, చీములాంటిది కారడం మొదలైతే అది సుఖవ్యాధి కావచ్చు, సిగ్గుపడి దాచొద్దు, ట్రీట్‌మెంట్ ఇద్దరికీ కావాలి, ఒక్కరే వాడితే మళ్ళీ అంటుకుంటుంది.

ఆడవాళ్ళకే ఇన్ఫెక్షన్ ఎక్కువ ఎందుకు వస్తుందంటే మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే, మగవాళ్ళకి దాదాపు 20. మలద్వారం దగ్గరుండే ఈ-కొలై బాక్టీరియాకి అది చాలా చిన్న దారి. దానికితోడు బస్సు ప్రయాణమంటే పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు, స్కూల్లో బాత్రూం బాగోలేదని పిల్లలు సాయంత్రం దాకా ఆపుకుంటారు, తప్పు వాళ్ళది కాదు గానీ కష్టం మాత్రం వాళ్ళకే.

ఇప్పుడు టెస్ట్. నేను చేసిన తప్పు చెప్తాను, మంట రాగానే మెడికల్ షాపులో అడిగితే రెండు యాంటీబయాటిక్ టాబ్లెట్లు ఇచ్చారు, వేసుకున్నా, సగం తగ్గింది, మూడో రోజు మళ్ళీ మొదలు. అప్పుడు కల్చర్‌కి (యూరిన్‌లోని బాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే టెస్ట్) ఇస్తే ఏమీ పెరగలేదు, టాబ్లెట్ల వల్ల శాంపిల్‌లో బాక్టీరియా దొరకలేదని డాక్టర్ అన్నారు. కాబట్టి మందు వేసుకోకముందే శాంపిల్ ఇవ్వండి. శుభ్రంగా కడుక్కుని, మొదట కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టి, గంట రెండు గంటల్లో ఇచ్చేయాలి. మామూలు యూరిన్ టెస్ట్ రిపోర్ట్ ఆ రోజే వస్తుంది, అందులో పస్ సెల్స్ (చీము కణాలు) ఎన్నున్నాయో చూస్తారు. కల్చర్‌కి రెండు మూడు రోజులు పడుతుంది కానీ ఏ మందుకి ఆ బాక్టీరియా లొంగుతుందో చెప్పేది అదే.

ఈలోపు నొప్పికి పారాసిటమాల్, పొత్తికడుపు మీద వేడినీళ్ళ బ్యాగ్ చాలు. కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, మద్యం, కారాలు తగ్గించండి. సెంటు సబ్బులు, డెటాల్ నీళ్ళతో అక్కడ కడగడం ఆపేయండి, మంట ఇంకా పెరుగుతుంది. షాపులో ఇచ్చే సిరప్ మంటని కాసేపు తగ్గిస్తుందేమో గానీ ఇన్ఫెక్షన్‌ని చంపదు. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టర్ చీటీతోనే వేసుకోవాల్సిన మందు. డాక్టర్ 5 రోజులు అంటే 5 రోజులూ వాడాలి, రెండో రోజుకే మంట పోయింది కదా అని ఆపొద్దు. రెండు రోజులైనా అసలు తేడా లేకపోతే మళ్ళీ వెళ్ళి చూపించండి.

ఇంకో రోజు చూద్దాం అనకూడని సందర్భాలు ఇవి: చలితో జ్వరం, వీపు పక్కన నొప్పి, వాంతులు, యూరిన్‌లో రక్తం, అసలు రాకపోవడం. వీటిలో ఏది ఉన్నా అదే రోజు వెళ్ళాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, షుగర్ ఉన్నవాళ్ళు అయితే మామూలు మంటకైనా ఆగొద్దు. మగవాళ్ళలో ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) సంగతి కూడా చూడాల్సి వస్తుంది, అందుకే వాళ్ళూ చూపించుకోవాల్సిందే. పెద్దవయసువాళ్ళకి మంట చెప్పడం కూడా రాకపోవచ్చు, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నారంటే కారణం ఏదైనా సరే వెంటనే డాక్టర్‌కి చూపించండి.

తగ్గాక గుర్తుపెట్టుకోవాల్సినవి: ఆపుకోవద్దు, కలిసిన తర్వాత ఒకసారి యూరిన్‌కి వెళ్ళి రండి, ఆడవాళ్ళు కడుక్కునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కే వెళ్ళాలి, కాటన్ లోదుస్తులు వాడండి. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వచ్చిందంటే యూరాలజిస్ట్‌ని (యూరిన్ సమస్యలు చూసే డాక్టర్) కలవండి, షుగర్ టెస్ట్, స్కాన్ రాస్తారు, పాత కల్చర్ రిపోర్టులన్నీ పారేయకుండా ఒక కవర్‌లో పెట్టుకుని తీసుకెళ్ళండి.