ఇంట్లో తండ్రి మాట చెల్లాలంటే

తండ్రి అడుగుల చప్పుడు వినగానే టీవీ కట్టేసి పుస్తకం ముందు వేసుకునే పిల్లవాణ్ణి చూసి, తనంటే ఇంట్లో ఎంత గౌరవమో అని మురిసిపోయే తండ్రులు చాలామందే ఉన్నారు. ఆయన గడప దాటగానే టీవీ మళ్ళీ మోగుతుంది. అది భయమే తప్ప గౌరవం కాదు. పిల్లవాడికి నాలుగు అంగుళాలు పొడుగు రాగానే ఆ భయం కూడా పోతుంది.

అమెరికన్ మనస్తత్వవేత్త డయానా బౌమ్‌రిండ్ 1960వ దశకంలో చిన్నపిల్లలున్న కుటుంబాలను పరిశీలించి, కారణం చెప్పకుండా ఆజ్ఞాపించే పెంపకాన్ని, అడిగినదల్లా ఒప్పుకునే పెంపకాన్ని, నియమాలను గట్టిగా అమలుచేస్తూనే కారణం వివరించి పిల్లల మాట కూడా వినే పెంపకాన్ని వేరుచేసి చూపారు. ఈ మూడో తరహాలో పెరిగిన పిల్లల్లోనే స్వీయనిగ్రహం, తమ పని తాము చేసుకునే చొరవ ఎక్కువగా కనిపించాయి.

కాబట్టి ముందుగా నియమాలను తగ్గించుకోవాలి. నిద్రవేళ, చదువు, అబద్ధం చెప్పకపోవడం వంటి మూడు నాలుగు విషయాలను తల్లితో కలిసి నిర్ణయించుకుని, మిగిలినవాటిని చూసీచూడనట్లు వదిలేయడమే మేలు. జుట్టు ఎలా దువ్వుకున్నాడనే దానిపై రోజూ గొడవపడే తండ్రికి, అసలైన విషయంలో పట్టుబట్టవలసి వచ్చినప్పుడు మాటలో బరువు మిగలదు.

అమలు చేయలేని శిక్షను నోటితో అనకూడదు. కోపంలో 'నెల రోజులు ఫోన్ ముట్టుకోనివ్వను' అని, మూడో రోజున పోరు పడలేక ఇచ్చేస్తే, నాన్న మాటకు గడువు మూడు రోజులేనని పిల్లవాడు లెక్కగట్టేస్తాడు. 'ఈ సాయంత్రం ఫోన్ లేదు' అని నెమ్మదిగా చెప్పి, ఆ సాయంత్రమంతా దానికే కట్టుబడడం ఎంతో నయం. ఆదివారం ఆడుకుందామని ఇచ్చిన మాటకూ ఇదే వర్తిస్తుంది. కొట్టడం గురించి వేరే చెప్పనక్కరలేదు. మాట చెల్లనివాడే చెయ్యెత్తుతాడు.

అన్నిటికన్నా కష్టమైనది తప్పు ఒప్పుకోవడం. ఛార్జర్ కనిపించడం లేదని కూతురిపై అరిచిన తండ్రికి, పావుగంట తర్వాత అది తన సంచిలోనే దొరికిందనుకుందాం. చాలామంది అక్కడ ఏమీ జరగనట్టు ఊరుకుంటారు. అలా కాకుండా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, 'తప్పు నాదే, అనవసరంగా అరిచాను' అని, 'కానీ నువ్వు కూడా...' అనే తోక తగిలించకుండా ఆగిపోవాలి. దీనివల్ల అలుసైపోతామన్న శంక అక్కరలేదు. రేపు గ్లాసు పగలగొట్టినప్పుడు ముక్కలు దాచకుండా వచ్చి చెప్పడానికి ఆ పిల్లకు ధైర్యం కలిగేది ఇక్కడే.

పిల్లలు తండ్రిని అంచనా వేసేది ఆయన తమతో మాట్లాడే తీరును బట్టి మాత్రమే కాదు, తల్లితోనూ తనకన్నా చిన్న ఉద్యోగం చేసేవారితోనూ ఆయన మాట్లాడే తీరును బట్టి కూడా.

ఇన్నాళ్ళూ అరుపులతో నెట్టుకొచ్చిన తండ్రి ఒక్కసారిగా మారితే పిల్లలు వెంటనే నమ్మరు, పైగా ఎంతవరకు ఓర్చుకుంటాడో చూద్దామని కావాలనే హద్దు దాటుతారు. అప్పుడు పాత గొంతు మళ్ళీ బయటికి తీయకుండా, రోజూ ఒక పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, సలహా ఇవ్వకుండా, మార్కుల ఊసెత్తకుండా పిల్లవాడి పక్కన కూర్చోవాలి. మొదటి వారం వాడు ఏమీ మాట్లాడకపోవచ్చు. అయినా ఎనిమిదో రోజున కూడా అదే వేళకు వెళ్ళి కూర్చోవాలి.