కవాయి మీద హెలికాప్టర్ విహారం: మబ్బునీ బరువునీ లెక్కలోకి తీసుకుని ఎక్కండి

హవాయి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఒక్క హెలికాప్టర్ ఎక్కితే దీవులన్నీ కనిపిస్తాయనుకుంటారు. కనిపించవు. కవాయి దీవిలోని లిహూయె ఊరి నుంచి, పక్క దీవిలో ఉన్న హొనొలులుకే వంద మైళ్ళ దూరం. మావి అనే దీవి నుంచి లేచేవాటిలో కొన్ని పక్కనున్న మొలొకాయి కొండచరియల దాకా వెళ్ళొస్తాయి కానీ, మిగతావి దాదాపుగా ఏ దీవివి ఆ దీవికే. కాబట్టి ముందు దీవిని ఎంచుకోవాలి. లావా చూడాలని ఉంటే బిగ్ ఐలాండ్. అక్కడ కిలవేయా అగ్నిపర్వతంలో 2024 డిసెంబరు 23న మొదలైన విస్ఫోటనం విడతలు విడతలుగా సాగింది. విడతకీ విడతకీ మధ్య లావా పైకి ఎగజిమ్మదు. అందుకే డబ్బు కట్టే ముందు అగ్నిపర్వత పరిశీలన కేంద్రం ఆ రోజు ఏం చెబుతోందో చూడండి. లావా మీద పట్టుదల లేకపోతే మా ఓటు కవాయికే. అక్కడి నాపలి తీరం వెంట రోడ్డు లేదు. ఉత్తరం నుంచి వచ్చే రోడ్డు కేయె బీచ్ దగ్గర, పడమటి నుంచి వచ్చేది పోలిహలె దగ్గర ఆగిపోతాయి. ఆ మధ్యలో ఉన్నవన్నీ సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన చరియలే.

కవాయి విహారం ఎలా సాగుతుందో నిర్ణయించేది టికెట్ ధర కంటే మబ్బు. దీవి నడిబొడ్డున ఉన్న వైయలేయలే శిఖరం ఎత్తు 5,148 అడుగులు. ఈశాన్యం నుంచి వచ్చే వ్యాపార పవనాలు సముద్రపు తేమను తెచ్చి దాని మీదే దింపుతాయి. ప్రపంచంలో అత్యధికంగా వాన పడే చోట్లలో అదొకటి. పొద్దెక్కేకొద్దీ అక్కడ మబ్బు పేరుకుంటుంది, గాలి కుదుపులూ పెరుగుతాయి. శిఖరం లోపలి జలపాతాల గోడలు చూడాలంటే ఉదయమే నయం. చిక్కేమిటంటే నాపలి వాయవ్యానికి తిరిగి ఉంటుంది. పొద్దున్నే వెళ్తే చరియలన్నీ నీడలో నల్లగా కనిపిస్తాయి. రెండూ కొంత కొంత దక్కాలంటే తొమ్మిదిన్నర, పదకొండు మధ్య బయల్దేరేవి చూసుకోండి. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళు శిఖరం మీద ఆశ వదులుకుని మధ్యాహ్నం వెళ్ళినా తప్పులేదు.

బుకింగ్ ప్రయాణం మొదటి రెండు రోజుల్లోనే పెట్టుకోండి. వాతావరణం బాగాలేక రద్దయితే మరో రోజుకు మార్చుకునే వీలుంటుంది. చివరి రోజుకు పెట్టుకుని, ఆ ఉదయం మబ్బు పడితే డబ్బు వెనక్కి వస్తుంది కానీ చూడాల్సింది చూడకుండానే ఇంటికెళ్తారు. స్కూబా డైవింగ్ కూడా ఉంటే హెలికాప్టర్ ముందు, డైవింగ్ తర్వాత. డైవింగ్ చేశాక ఎత్తుకు వెళ్తే రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు ఆగాలి. చాలా సంస్థలు 24 గంటలు ఆగమనే చెబుతాయి.

యాభై నిమిషాల నుంచి గంట వరకు సాగే విహారానికి మనిషికి సుమారు 300 డాలర్లు, ఆ పైన అవుతుంది. ఫోన్ చేసినప్పుడు ధర కంటే ముందు రెండు ప్రశ్నలు వెయ్యండి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే సంస్థలకు ఇచ్చే ‘పార్ట్ 135’ సర్టిఫికెట్ ఉందా? దారిలో మబ్బు కమ్మి పైలట్ వెనక్కి తిరిగితే మా డబ్బు సంగతేమిటి? రెండో దానికి తడుముకోకుండా జవాబిచ్చే సంస్థను నమ్మొచ్చు.

ఇక హెలికాప్టర్ రకం. ఏ-స్టార్‌లో ఆరుగురు, ఈసీ-130లో ఆరుగురో ఏడుగురో కూర్చుంటారు. తలుపులు తీసేసి నడిపే ఎండీ-500లో నలుగురే. అందులో అద్దం అడ్డం ఉండదు కాబట్టి ఫొటోలు బాగా వస్తాయి, కానీ చలీ, వాన పడితే సూదుల్లా గుచ్చే చినుకులూ భరించాలి. పిల్లలకు కనీస వయసు నిబంధన ఉంటుంది, ముందే అడగండి.

కిటికీ సీటు కావాలని పట్టుబట్టడం వృథా. ఎవరెక్కడ కూర్చోవాలో బరువే తేలుస్తుంది. కౌంటర్ దగ్గర బట్టలతో, చెప్పులతో సహా అందరినీ కాటా మీద నిలబెడతారు. బుకింగ్‌లో ఐదు కిలోలు తగ్గించి చెప్పినవాళ్ళ సంగతి అక్కడే బయటపడి, సీట్ల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. సుమారు 110 కిలోలు దాటితే పక్క సీటుకూ డబ్బు కట్టమంటారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. బరువు ఒక పక్కకు ఒరిగితే హెలికాప్టర్ అదుపు కష్టమవుతుంది, అంతే. కవాయిలో సాధారణంగా గడియారం ముళ్ళు తిరిగే దిక్కునే దీవిని చుట్టి వస్తారు కాబట్టి కొండలు ఎక్కువసేపు కుడివైపు ఉంటాయి. ఎడమవైపు వాళ్ళకూ కనిపించాలని పైలట్ లోయల్లో అటూ ఇటూ తిప్పుతాడు.

చీర, చున్నీ వద్దు, ముఖ్యంగా తలుపుల్లేని హెలికాప్టర్‌లో. గాలికి ఎగిరిన గుడ్డ తోక రెక్కకు చుట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. టోపీ, సెల్ఫీ స్టిక్, జేబులో వదులుగా ఉన్న ఫోన్ కూడా అంతే. జుట్టు ముడి వేసుకోండి. నల్లటి లేదా ముదురు రంగు చొక్కా వేసుకోండి. తెల్లవి అద్దంలో ప్రతిఫలించి ఫొటోలో దెయ్యంలా తేలతాయి. కెమెరాకు పోలరైజర్ ఫిల్టర్ (మెరుపు తగ్గించే అద్దం) ఉంటే తీసెయ్యాలి, లేకపోతే ప్లాస్టిక్ అద్దం మీద ఇంద్రధనుస్సు చారలు వస్తాయి. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు దగ్గరగా ఉంచండి. మోచేతిని గానీ కెమెరాను గానీ కిటికీ ఫ్రేముకు ఆనించకండి, ఆ అదురంతా ఫొటోలోకి ఎక్కుతుంది.

కడుపులో తిప్పే అలవాటుంటే గంట ముందు మెక్లిజిన్ లాంటి మాత్ర వేసుకోవచ్చు. నిద్ర వస్తుంది, ఇతర మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ను అడగాలి. ఖాళీ కడుపూ వద్దు, పూరీ కూరా వద్దు. కెమెరా తెరలోకి చూస్తూ కూర్చుంటేనే ఎక్కువ తిప్పుతుంది. దూరపు సముద్రపు అంచు మీద చూపు నిలపండి.

ఎక్కేటప్పుడు రెక్కలు తిరుగుతూనే ఉండొచ్చు. సిబ్బంది పిలిచేదాకా కదలకండి, ముందువైపు నుంచే వెళ్ళండి, చేతులు పైకెత్తకండి, తోక దిక్కుకు అసలు పోవద్దు. నడుముకు కట్టే లైఫ్ వెస్ట్‌లో హెలికాప్టర్ లోపల ఉండగా గాలి నింపకూడదు. నింపితే నీళ్ళలో పడ్డప్పుడు బయటికి ఈదలేరు. బెల్టు ఎలా విప్పాలో ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి.

ఒకసారి ఎగిరాక పైలట్‌ను "ఇంకాస్త దగ్గరికి" అని అడగకండి. 2019 డిసెంబరు 26న కవాయిలో ఒక విహార హెలికాప్టర్ కొండను ఢీకొని ఏడుగురూ చనిపోయారు. మబ్బు కమ్మినా పైలట్ ముందుకే వెళ్ళడం దానికి కారణమని దర్యాప్తు తేల్చింది. డబ్బులిచ్చాం కాబట్టి అన్నీ చూపించాలన్న మన పట్టు పైలట్ మీద బరువే. ఎఫ్‌ఏఏ వాతావరణ కెమెరాలు హవాయిలోనూ ఉన్నాయి, బయల్దేరే ముందు మీరూ నెట్‌లో తెరిచి చూడొచ్చు.

రద్దయితే డబ్బు తిరిగి తీసుకుని అదే రోజు కారులో వైమేయా లోయకు వెళ్ళండి. పైనుంచి చూసే దాంట్లో కొంత అక్కడి వ్యూపాయింట్ల దగ్గర నిలబడి చూడొచ్చు. వేసవి అయితే పోర్ట్ అలెన్ నుంచి నాపలికి పడవలు కూడా ఉంటాయి. చలికాలంలో వాయవ్యపు అలలు పెద్దవి కాబట్టి పడవ మాట నమ్ముకుని పోకండి.