రైలా శిబిరానికి దరఖాస్తు విధానం: విశాఖపట్నం హైస్కూలు విద్యార్థులకు

రోటరీ యూత్ లీడర్‌షిప్ అవార్డ్స్ అనే నాయకత్వ శిక్షణ కార్యక్రమాన్ని క్లుప్తంగా రైలా అంటారు. ఆస్ట్రేలియాలో మొదలైన ఈ శిబిరాలను సేవా క్లబ్బుల అంతర్జాతీయ సంస్థ అయిన రోటరీ ఇంటర్నేషనల్ 1971లో తన అధికారిక కార్యక్రమంగా స్వీకరించింది. 14 నుంచి 30 ఏళ్ల వయసువారు అర్హులే అయినా, ఒక్కో శిబిరాన్ని ఒక్కో వయసువారికి పరిమితం చేయడం మామూలే కాబట్టి, అది హైస్కూలు విద్యార్థులకు ఉద్దేశించినదో కాదో మొదటే తెలుసుకోవాలి.

విద్యార్థి నేరుగా ఫారం నింపి పంపితే సరిపోదు. స్థానిక రోటరీ క్లబ్బు అతని పేరును ప్రతిపాదించాలి. విశాఖలో అనేక క్లబ్బులు ఉన్నాయి. మీ పాఠశాలలో ఇంటరాక్ట్ క్లబ్బు (రోటరీ ప్రాయోజకత్వంలోని విద్యార్థుల సేవా క్లబ్బు) ఉంటే, దానికి ప్రాయోజకత్వం వహించి నడిపిస్తున్న రోటరీ క్లబ్బునే ఇంటరాక్ట్ బాధ్యతలు చూసే ఉపాధ్యాయుని ద్వారా సంప్రదించాలి. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు చేరగల ఇంటరాక్ట్ క్లబ్బు లేని చోట, ప్రధానోపాధ్యాయుని లేఖతో దగ్గరలోని క్లబ్బు కార్యదర్శిని కలవడం మేలు. రోటరీ సంవత్సరం జూలై 1న మొదలై కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకుంటుంది కనుక జూలై, ఆగస్టు నెలల్లోనే అడగడం మంచిది. పదో తరగతివారికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉంటాయి కాబట్టి ఈ శిబిరానికి తొమ్మిదో తరగతే అనువైన సమయమని నా అభిప్రాయం.

వయసు ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్, తల్లిదండ్రుల అంగీకార పత్రం, ఆరోగ్య వివరాలు, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోవాలి. వీటన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది మీరు చేసిన సేవ గురించి రాసే పేజీపైన. ఆర్కే బీచ్‌లో చెత్త ఏరామని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే చదివేవారికి మీ గురించి ఏమీ తెలియదు. తోటివారిని ఎలా కూడగట్టారు, ఏరిన చెత్తను ఎక్కడికి చేర్చారు, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) సిబ్బందితో ఎవరు మాట్లాడారు, మరుసటి వారం ఎందరు మళ్లీ వచ్చారు, రానివారి విషయంలో మీరేం చేశారు అన్నవి రాయాలి. ఏ భాషలో రాయాలో క్లబ్బు నిర్దేశించకపోతే, ఇంగ్లిషులో ఎవరిచేతనో రాయించుకోవడం కంటే సొంతంగా తెలుగులో రాయడమే మంచిది. ఉపాధ్యాయులకు ఒక మనవి: వక్తృత్వ పోటీల్లో గెలిచిన పిల్లలనే పంపకండి. గాజువాకలోనో గోపాలపట్నంలోనో తన వీధి పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్పే, నలుగురిలో నోరు విప్పడానికి జంకే అమ్మాయికి ఈ శిబిరం మరింత అవసరం.

ఎంపిక సమయంలో క్లబ్బు ముఖాముఖి మాట్లాడవచ్చు. ఎంపికైనవారి ఖర్చును చాలా చోట్ల క్లబ్బులే భరిస్తాయి. అయినా ప్రయాణం, భోజనం, వసతి ఎవరి బాధ్యతో ముందుగా రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రాత్రి బస ఉంటే, ఆడపిల్లల వెంట ఉండే మహిళా పర్యవేక్షకులు ఎవరో అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఏదైనా రుసుము చెల్లించవలసి వస్తే వ్యక్తుల చేతికి ఇవ్వకుండా, క్లబ్బు పేరిటే చెల్లించి రసీదు తీసుకోవాలి.