బ్రిటన్‌లో ఇటాలియన్ ఇంటిపేరు జాడ తీయాలంటే ముందు ఊరు పట్టుకోండి

స్కాట్లండ్‌లోనో వేల్స్‌లోనో కొన్నాళ్లు ఉన్నవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. ఐస్‌క్రీమ్ కొట్టు బోర్డు మీద నార్దీని అనో, ఆఫీసులో పక్క సీటాయన పేరు చివర కపాల్డి అనో, కోంటి అనో కనిపిస్తుంది, మనిషి నోరు తెరిస్తే మాత్రం అచ్చమైన గ్లాస్గో యాస. మీదే ఊరు అని అడిగితే "మా ముత్తాత ఇటలీ నుంచి వచ్చాడంట, ఏ ఊరో ఎవరికీ తెలీదు" అంటారు. మా ఆఫీసులో ఒకాయన ఇలాగే అన్నాడు. ఆయన కోసం ఒక శనివారం సరదాగా వెతకడం మొదలుపెట్టాను, ఆ సరదా కాస్తా రెండేళ్లుగా నన్ను వదల్లేదు. ఆ రెండేళ్లలో ఏది పనికొచ్చిందో, ఎక్కడ టైమ్ వృథా అయిందో ఇక్కడ రాస్తున్నాను. మీ స్నేహితులకో, అక్కడ పెళ్లి చేసుకున్న మీ పిల్లల అత్తవారి వైపు వాళ్లకో పనికొస్తుంది.

అందరూ మొదట చేసే పని ఆ ఇంటిపేరుకి అర్థం ఏమిటని వెతకడం. వెతకండి, బాగానే ఉంటుంది, కానీ దాంతో దారి దొరకదు. రోస్సి అంటే ఎర్రజుట్టువాళ్లు, రిచ్చి అంటే ఉంగరాల జుట్టువాళ్లు, ఫెర్రారి అంటే కమ్మరివాళ్లు, ది పియెత్రో అంటే పియెత్రో సంతానం, లొంబార్ది అంటే లొంబార్దీ ప్రాంతంవాళ్లు, ఎస్పోసితో అంటే ఒకప్పుడు అనాథగా వదిలేసిన బిడ్డకి పెట్టిన పేరు. ఎర్రజుట్టు మనుషులు ఇటలీలో ప్రతి జిల్లాలోనూ ఉన్నారు, కమ్మరి లేని ఊరే లేదు. ఒకే పేరు సంబంధం లేని వంద చోట్ల విడివిడిగా పుట్టింది కాబట్టి, అర్థం తెలిసినంత మాత్రాన మీ మనిషి ఎక్కడివాడో తెలియదు.

ఇక్కడ మనకి అనుకూలమైన విషయం ఒకటుంది. బ్రిటన్‌కి ఇటాలియన్లు దేశమంతటి నుంచీ చెల్లాచెదురుగా రాలేదు. ఒక ఊరివాడు వెళ్లి నిలదొక్కుకుంటే తమ్ముణ్ణి, బావమరిదిని, పక్కింటి కుర్రాణ్ణి పిలిపించుకున్నాడు, అలా ఒక లోయ మొత్తం ఒక పట్నానికి కదిలిపోయింది. మన ఊళ్లలో ఒకడు గల్ఫ్‌కో అమెరికాకో వెళితే వెనకాలే వీధంతా వెళ్లినట్టే. అందుకే మీ వాళ్లు బ్రిటన్‌లో ఏ ఊళ్లో దిగారు, ఏ పని చేశారు అన్న రెండు సంగతులు తెలిస్తే ఇటలీలో వెతకాల్సిన చోటు చాలా చిన్నదైపోతుంది.

ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చెప్తాను, ఇది మనసులో పెట్టుకోండి. బారోమీటర్లు, అద్దాలు, పటాల చట్రాలు చేసే పనివాళ్లయితే చాలామంది ఉత్తరాన కోమో సరస్సు వైపువాళ్లు. లండన్‌లో శాస్త్ర పరికరాలకి పేరుపడ్డ నెగ్రెట్టి అండ్ జాంబ్రా కంపెనీలోని నెగ్రెట్టి పుట్టింది కోమోలోనే. ప్లాస్టర్ బొమ్మలు చేసి వీధుల్లో అమ్మినవాళ్లు టస్కనీలో లుక్కా చుట్టుపక్కలవాళ్లు. అదే జిల్లాలోని బర్గా అనే చిన్న పట్నం నుంచి గ్లాస్గోకి, స్కాట్లండ్ పడమటి తీరానికి ఎన్నో కుటుంబాలు వెళ్లాయి, లార్గ్స్‌లో ఐస్‌క్రీమ్‌కి పేరుపొందిన నార్దీనీలది కూడా బర్గాయే. చలువరాతి ముక్కలతో నేలలు పరిచే మొజాయిక్ పనివాళ్లయితే ఈశాన్యాన ఫ్రియులి వైపు చూడాలి. దక్షిణ వేల్స్ బొగ్గు లోయల్లో కాఫీ కొట్టు పెట్టినవాళ్లయితే దాదాపు కళ్లు మూసుకుని పార్మా కొండల్లోని బర్ది అనొచ్చు. అక్కడ మొదట్లో కొట్లు పెట్టినవాళ్లలో బ్రాక్కి అనే కుటుంబం ఒకటుంది, ఆ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే లోయల్లో ఏ ఇటాలియన్ కాఫీ కొట్టునైనా జనం "బ్రాక్కి" అనే పిలిచేవారు. ఇంటిపేరు కాస్తా దుకాణానికి మారుపేరైపోయింది.

ఇక రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చినవాళ్ల కథ పూర్తిగా వేరు. 1951 నుంచి బెడ్‌ఫర్డ్, పీటర్‌బరో చుట్టూ ఇటుక బట్టీల్లో పనికి దక్షిణ ఇటలీ నుంచి వేల మందిని తీసుకొచ్చారు, వాళ్లలో చాలామంది కంపానియాలోని మోంతెఫల్చోనె, మోలిజెలోని బుస్సో, సిసిలీలోని సాంత్ ఆంజెలో ముషారో లాంటి కొద్ది ఊళ్లవాళ్లే. మీరు వెతికే కుటుంబం బెడ్‌ఫర్డ్‌దైతే పాత జనగణనలు తిరగేయడం దండగ. ఆ ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా ఉంటారు, వెళ్లి పక్కన కూర్చుని అడగడమే పని.

ఉదాహరణకి కపాల్డి పేరు తీసుకుందాం. నటుడు పీటర్ కపాల్డి 1958లో గ్లాస్గోలో పుట్టాడు, గాయకుడు లూయిస్ కపాల్డి కూడా అక్కడే 1996లో పుట్టాడు, ఇద్దరూ దూరపు చుట్టాలు. ఇద్దరి మూలాలూ పిచినిస్కో అనే కొండ ఊరివి, రోమ్‌కి ఆగ్నేయంగా ఫ్రొసినోనె జిల్లాలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల లోయని వాల్ ది కొమీనో అంటారు. పంట చాలని ఆ లోయ నుంచి మొదట సంగీతం వాయించుకుంటూ కాలినడకన యూరప్ అంతా తిరిగేవాళ్లు బయల్దేరారు, తర్వాత ఐస్‌క్రీమ్ బండ్లు, ఆ తర్వాత చేపలు-చిప్స్ కొట్లు వచ్చాయి. 1881లో స్కాట్లండ్ మొత్తం మీద ఇటలీలో పుట్టినవాళ్లు కొన్ని వందలే, 1901కల్లా నాలుగు వేలు దాటారు. ఆ ఇరవై ఏళ్లలోనే ఈ పేర్లు స్కాట్లండ్ పేర్లయ్యాయి. అలాగని అందరూ అక్కడే ఉండిపోలేదు, ట్రాఫిక్ అనే రాక్ బృందం డ్రమ్మర్ జిమ్ కపాల్డి 1944లో పుట్టింది ఇంగ్లండ్‌లోని ఈవ్‌షామ్‌లో.

ఇప్పుడు అసలు పని. మొదట రెండు పటాలు చూడండి. ఇటలీలో ఆ పేరు ఎక్కడ ఎక్కువో చూపించే పటాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, కొన్యోమిక్స్ సైట్ ఒకటి. బ్రిటన్‌లో 1881 జనగణన ఆధారంగా చేసిన పటాలు ఉన్నాయి, ఈ కాలం పటాలూ ఉన్నాయి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 1881లో అసలు లేని పేరు ఇప్పుడు స్కాట్లండ్‌లో గుంపుగా కనిపిస్తే వలస ఎప్పటిదో మీకే అర్థమవుతుంది. ఒక జాగ్రత్త: ఇటలీ పటంలో రోమ్, మిలాన్, టూరిన్ దగ్గర పెద్ద చుక్కలు కనిపిస్తాయి, వాటిని నమ్మకండి. ఊళ్ల నుంచి పనికోసం పట్నం చేరినవాళ్లు వాళ్లు. జనాభా తక్కువ ఉండి కూడా ఆ పేరు గట్టిగా కనిపించే చిన్న ఊరే మీక్కావాల్సింది.

పటం ఇచ్చేది అనుమానం మాత్రమే, రుజువు కాదు. ఊరి పేరు కాగితం మీద కనిపించాలి. దానికి ఇప్పటి మనిషి నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్లండి, మధ్యలో తరాన్ని దూకకండి. మీ కుటుంబం స్కాట్లండ్‌దైతే మీ అదృష్టం. అక్కడ 1855 జనవరి 1 నుంచి జనన మరణాల నమోదు ఉంది, స్కాట్లండ్స్ పీపుల్ సైట్‌లో కొద్దిపాటి డబ్బు కట్టి అసలు పేజీ బొమ్మే చూడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి బర్త్ సర్టిఫికెట్ మీద తల్లిదండ్రుల పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా రాస్తారు (1856 నుంచి 1860 దాకా మాత్రం రాయలేదు). గ్లాస్గోలో పుట్టిన బిడ్డ కాగితం మీద "పెళ్లి: పిచినిస్కో, ఇటలీ" అని కనిపించిందంటే వెతుకులాటలో సగం అయిపోయినట్టే. నేను వెతికినప్పుడు ఐదుగురు అన్నదమ్ముల కాగితాల్లో నాలుగింటిలో వట్టి "ఇటలీ" అని ఉంది, ఐదో దాంట్లో ఊరి పేరు దొరికింది. అందుకే ఒక్కటి చూసి ఆపకండి, తోబుట్టువులందరివీ తెప్పించండి. స్కాట్లండ్ డెత్ సర్టిఫికెట్‌లో చనిపోయినవాళ్ల తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది, ఇటాలియన్ స్త్రీలు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరే వాడతారు కాబట్టి అవతల రికార్డుల్లో అది బాగా అక్కరకొస్తుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లో నమోదు 1837 జులైలోనే మొదలైంది కానీ ఆ కాగితాల్లో అంత వివరం ఉండదు. అక్కడ జనగణన మీద ఎక్కువ ఆధారపడాలి. 1841 దాంట్లో విదేశీయుడైతే ఒక్క అక్షరంతో సరిపెట్టేశారు, 1851 నుంచి పుట్టిన దేశం ఉంటుంది, ఊరు రాయడం మాత్రం గుమస్తా ఓపికని బట్టి. ఇటలీ ఒక దేశంగా ఏర్పడింది 1861లో, అంతకుముందు కాగితాల్లో సార్డీనియా, నేపుల్స్, పార్మా అని ఉంటే కంగారు పడకండి, అవి అప్పటి రాజ్యాలు. 1911ది తప్పకుండా చూడండి, ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ ఏడాది ఇంటి యజమాని తన చేత్తో నింపిన ఫారాలే భద్రంగా ఉన్నాయి, గుమస్తా చెవికి వినపడింది కాకుండా ఆయన రాసుకున్న పేరే కనిపిస్తుంది. 1931 జనగణన ఇంగ్లండ్, వేల్స్‌ది 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు, ఆ ఖాళీని 1939 సెప్టెంబర్ 29న తీసిన జనాభా రిజిస్టర్ కొంత పూడుస్తుంది.

పేరు దొరకడం లేదంటే లేదని కాదు, ఇంకోలా రాశారని. ఇటాలియన్‌లో chi అని రాసింది "కి" అని, che అని రాసింది "కె" అని పలుకుతారు, ఇంగ్లిష్ గుమస్తా వాటిని విని తనకి తోచినట్టు రాసేవాడు. జుసెప్పె జోసెఫ్ అయ్యాడు, దొమెనికో డొమినిక్ అయ్యాడు, లుయీజి లూయిస్ అయ్యాడు, కేథలిక్ చర్చి లాటిన్ రిజిస్టర్‌లో అదే లుయీజి అలోషియస్ అయ్యాడు. ఇంటిపేరు మొదటి మూడక్షరాలు, వీధి, వృత్తి పెట్టి వెతకండి. లండన్ కుటుంబమైతే క్లార్కెన్‌వెల్‌లో 1863లో తెరిచిన సెయింట్ పీటర్స్ ఇటాలియన్ చర్చి, మాంచెస్టర్ అయితే ఆంకోట్స్ వాడ చుట్టూ చూడండి.

పౌరసత్వం తీసుకున్నవాళ్ల ఫైళ్లు లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, చాలావాటిలో పుట్టిన ఊరు స్పష్టంగా ఉంటుంది. కానీ చాలామంది తీసుకోలేదు, దానికి వాళ్లు పెద్ద మూల్యం చెల్లించారు. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధం ప్రకటించగానే దశాబ్దాలుగా స్కాట్లండ్‌లో కొట్లు నడుపుకుంటున్న మగవాళ్లని శత్రుదేశస్థులని పట్టుకెళ్లారు. వాళ్లలో కొందర్ని కెనడాకి తీసుకెళుతున్న అరండోరా స్టార్ ఓడ జులై 2న జర్మన్ జలాంతర్గామి దెబ్బకి మునిగిపోయింది, నాలుగు వందల మందికి పైగా ఇటాలియన్లు పోయారు. శిల్పి ఎడువార్డో పౌలొట్సి తండ్రి, తాత, మరో దగ్గరి బంధువు అందులోనే పోయారు, వాళ్లది ఫ్రొసినోనె జిల్లాలోనే వితికూజో అనే ఊరు. నిర్బంధించినవాళ్ల కార్డులూ క్యూలోనే ఉన్నాయి. ఇంట్లో ఈ సంగతి ఎవరూ మాట్లాడకపోతే తెలియక కాదు, మాట్లాడలేక. పెద్దవాళ్లని అడిగేటప్పుడు నెమ్మదిగా అడగండి.

ఇంకో సంగతి, 1870 నుంచి 1948 దాకా ఇటాలియన్‌ని పెళ్లాడిన బ్రిటిష్ స్త్రీ చట్టం దృష్టిలో ఇటాలియన్ అయిపోయేది. కాబట్టి ఎడిన్‌బరోలో పుట్టిన ముత్తవ్వ విదేశీయుల జాబితాలో కనిపిస్తే పొరపాటు అనుకోకండి.

ఊరి పేరు దొరికాక ఇటలీ ప్రభుత్వ ఆర్కైవ్స్ వాళ్ల అంతెనాతి పోర్టల్‌కి వెళ్లండి, అంతెనాతి అంటేనే పూర్వీకులు. ఉచితం. పిచినిస్కో లాంటి ఊళ్లు ఒకప్పుడు నేపుల్స్ రాజ్యంలోవి కాబట్టి అక్కడ నమోదు 1809 నుంచే దొరుకుతుంది, మిగతా ఇటలీలో చాలాచోట్ల 1866 దాకా చర్చి పుస్తకాలే గతి. 1927కి ముందు ఆ ఊళ్లు తెర్రా ది లవోరో అనే జిల్లాలో ఉండేవి, దాని కేంద్రం కసెర్తా, అందుకే పాత బ్రిటిష్ కాగితాల్లో కసెర్తా అని చూసి దారి తప్పినవాళ్లు చాలామంది.

ఆ రిజిస్టర్లు చదవడానికి ఇటాలియన్ రావక్కర్లేదు, ఇరవై మాటలు చాలు. తండ్రి పేరు ముందు "ది" ఉంటే ఆయన బతికున్నాడు, "ఫు" ఉంటే కీర్తిశేషుడు, ఆ ఒక్క అక్షరంతో మరణం ఏ ఏళ్ల మధ్య జరిగిందో తేలుతుంది. నెల దగ్గర 7 వేసి పక్కన "బ్రె" అని ఉంటే అది జులై కాదు, సెప్టెంబర్. అలాగే 8 అక్టోబర్, 9 నవంబర్. పెళ్లి ఫైలు దొరికితే పండగే, దానికి వధూవరుల జనన పత్రాలు జతచేస్తారు, తండ్రి లేకపోతే ఆయన మరణ పత్రం, ఒక్కోసారి తాతది కూడా ఉంటుంది, ఒక్క ఫైలులో మూడు తరాలు. కొండ ఊళ్లలో సగం ఊరికి ఒకే ఇంటిపేరు ఉంటుంది, తాత పేరే మనవడికి పెడతారు కాబట్టి ఒకే ఏడాది ఇద్దరు దొమెనికోలు పుట్టి ఉంటారు. తల్లి పేరు కలిస్తేనే మీవాడు.

ఆన్‌లైన్‌లో లేని సంవత్సరమైతే ఆ ఊరి మునిసిపల్ ఆఫీసుకి, అంటే కొమూనెకి, ఇటాలియన్‌లోనే నాలుగు ముక్కల ఈమెయిల్ రాయండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడాది, మీకు వాళ్లతో ఉన్న బంధుత్వం చాలు. "చెర్తిఫికాతో" అడగకండి, అందులో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. "ఎస్త్రాత్తో", అదీ తల్లి పేరు తండ్రి పేరు కలిపి కావాలని రాయండి. నేను మొదటిసారి ఆ తేడా తెలియక ఆరు వారాలు ఎదురుచూసి ఉత్త పేరు, తేదీ ఉన్న కాగితం అందుకున్నాను, రెండోసారి వచ్చిన కాగితంలో మా ఆఫీసాయన ముత్తవ్వ పేరు ఉంది. ఆ పేరు ఆయన ఇంట్లో అప్పటిదాకా ఎవరూ విననిది.