బండ తగిలిన రోజు: ఏపీఐతో చేంజ్ ఆర్డర్ రికార్డు ఎక్కించడం ఎలా

ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది. ఇక్కడ పునాది తీస్తుంటే బండ తగలడం మాకు కొత్త కాదు. పోయిన ఎండాకాలం మడికొండ దగ్గర గోడౌన్ సైటు నుంచి మా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "అక్కా, ఐదు ఫీట్లు దిగినంక బండ తగిలింది. తవ్వే మిషన్ బకెట్ దిగుతలేదు, బండ పగలగొట్టే బ్రేకర్ తెప్పియ్యాలె." అగ్రిమెంట్‌లో మాత్రం మొత్తం లోతుకీ మామూలు మట్టి తవ్వకం రేటే ఉంది. అంటే చేంజ్ ఆర్డర్ రాయాలి, అంటే ఒప్పందంలో మారిన పనికి రాసుకునే కాగితం.

నేను హనుమకొండలో ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో పదకొండేళ్ళుగా బిల్లింగ్ చూస్తున్నాను. సివిల్ డిప్లొమా చదివాను, పైథాన్ తర్వాత నేర్చుకున్నాను. నాలుగు సైట్ల చేంజ్ ఆర్డర్లు ఒక్కొక్కటీ కాంట్రాక్టుల సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేస్తుంటే నెలాఖరు పూర్తిగా దానికే పోయేది. ఇప్పుడు సైటు షీటు నుంచి నేరుగా ఏపీఐ (మన ప్రోగ్రాం ఆ సాఫ్ట్‌వేర్‌తో నేరుగా మాట్లాడే దారి) ద్వారా ఎక్కిస్తున్నాను. సివిల్ వాళ్ళకైనా, కోడ్ రాసే వాళ్ళకైనా పనికొచ్చేలా ఆ పద్ధతి చెబుతాను.

మా దగ్గర దీన్ని ఎక్స్‌ట్రా ఐటమ్ అంటారు. ప్రభుత్వ పనుల్లో అయితే డీవియేషన్, దాని మీద సప్లిమెంటల్ అగ్రిమెంట్. సాఫ్ట్‌వేర్‌లో చేంజ్ ఆర్డర్. ఏ పేరుతో పిలిచినా అందులో ఉండాల్సింది ఏ పని మారింది, ఎంత విలువ మారింది, ఎన్ని రోజులు అదనంగా పడతాయి, ఎవరు ఒప్పుకున్నారు అన్నదే.

అన్నిటికన్నా ముందు ఒక్క మాట. చేంజ్ ఆర్డర్ నంబరు మొదట మన రిజిస్టర్‌లో పుట్టాలి, ఆ తర్వాతే సర్వర్‌కి వెళ్ళాలి. నేను దీన్ని దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదటి నెలలో ఒక రికార్డు పంపాను, నెట్ నెమ్మదిగా ఉండి టైమ్‌అవుట్ అయ్యింది. పోలేదనుకుని మళ్ళీ పంపాను. నిజానికి మొదటిది సర్వర్‌కి చేరింది, జవాబే నాదాకా రాలేదు. రెండు రికార్డులు పడ్డాయి, రెండూ బిల్లులోకి వెళ్ళాయి. "ఒకే బండకి రెండుసార్లు డబ్బులు అడుగుతారా?" అని క్లయింట్ మనిషి నిలదీశాడు. సరిచేయడానికి ఒక పూట పట్టింది. కానీ ఆ తర్వాత మూడు నెలలు మా ప్రతి కొలతనూ ఆయన మళ్ళీ టేపు పట్టి చూసుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను.

ఇక పని. బ్రేకర్ పెట్టకముందే బండ పైభాగం లెవెల్ తీసుకోవాలి. పగలగొట్టాక అక్కడ ఎంత బండ ఉండేదో ఎవరూ చెప్పలేరు. క్లయింట్ ఇంజనీరు పక్కన ఉండగానే టేపు పట్టాలి, గుంటలో లెవెలింగ్ స్టాఫ్ (కొలత గీతలున్న కర్ర) నిలబెట్టి ఫోటో తీయాలి, కొలత షీటు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. మడికొండలో 12 ఫుటింగులు (పిల్లర్ల కింది పునాదులు), ఒక్కోటి 2.4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, బండ లోతు సగటున 1.5 మీటర్లు. మొత్తం 86.4 క్యూబిక్ మీటర్లు. ఈ కాగితం లేకుండా ఏపీఐ దగ్గరికి వెళ్ళకండి. ఏపీఐ మన అంకెను మోసుకెళ్తుంది అంతే, అది నిజమో కాదో దానికి తెలియదు.

తర్వాత ఐడీలు వెతకాలి. అగ్రిమెంట్ మీద ఉండే నంబరు వేరు, సాఫ్ట్‌వేర్ లోపల ఆ కాంట్రాక్ట్‌కి పెట్టుకున్న ఐడీ వేరు. గెట్ రిక్వెస్ట్‌తో (సర్వర్‌లో ఉన్నదాన్ని చదివే రిక్వెస్ట్) కాంట్రాక్టుల జాబితా తెచ్చుకుని మనదాన్ని గుర్తుపట్టాలి. అలాగే అందులోని బీఓక్యూ (పనులు, పరిమాణాలు, రేట్ల పట్టిక) లైన్ల ఐడీలు కూడా. ఇక్కడ చాలామంది పొరబడతారు. జాబితా ఒకేసారి మొత్తం రాదు, పేజీలు పేజీలుగా వస్తుంది. మొదటి పేజీ చదివి "ఈ ఐటమ్ లేదు" అనుకుని కొత్త లైన్ సృష్టించేస్తే తవ్వకం ఖర్చు రెండు చోట్ల చీలిపోతుంది. చివరి పేజీ వరకూ చదవండి.

ఏ కాంట్రాక్ట్ కింద రాస్తున్నారో కూడా చూసుకోండి. యజమానితో మనకున్న ఒప్పందం ఒకటి, బ్రేకర్ తెచ్చిన సబ్ కాంట్రాక్టర్‌తో మనకున్న ఒప్పందం ఇంకొకటి. ప్రోకోర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మొదటిది ప్రైమ్ కాంట్రాక్ట్, రెండోది కమిట్‌మెంట్. రెండింటి చేంజ్ ఆర్డర్లూ వేర్వేరుగా ఉంటాయి. అదే బండ, అవే 86.4 క్యూబిక్ మీటర్లు, కానీ రావాల్సిన రేటు వేరు, ఇవ్వాల్సిన రేటు వేరు. రెండు రికార్డులూ ఎక్కించి, రెండింట్లోనూ మన రిజిస్టర్ నంబరు కనిపించేలా పెడతాను. సబ్ కాంట్రాక్టర్‌కి ఇచ్చేసి యజమానిని అడగడం మర్చిపోయిన బిల్లులు నేను చూశాను. ఆ డబ్బు మళ్ళీ రాదు.

లాగిన్ సంగతి చాలావరకు ఓఆథ్ 2.0 అనే పద్ధతి. టోకెన్ (కొంతకాలం చెల్లే తాళంచెవి లాంటి కోడ్) తెచ్చుకుని ప్రతి రిక్వెస్ట్ హెడర్‌లో (ముందు భాగంలో) పంపాలి. టోకెన్‌ని కోడ్ ఫైల్‌లో రాయకండి. ప్రోగ్రాంకి విడిగా ఒక యూజర్‌ని పెట్టించండి. దానికి రికార్డు సృష్టించే అనుమతి చాలు, ఆమోదించే అనుమతి వద్దు. సాండ్‌బాక్స్ (అసలు లెక్కలకు తగలని పరీక్ష స్థలం) ఇస్తే మొదటి పది రికార్డులూ అందులోనే వేసి చూడండి.

నేను పంపిన రికార్డు ఇలా ఉంటుంది. అర్థం కోసం పేర్లు తెలుగులో రాశాను, అసలు ఫీల్డ్ పేర్లు మీ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో ఎలా ఉంటే అలాగే వాడాలి.

మన నంబరు: ఎండీకే-సీఓ-007
స్థితి: డ్రాఫ్ట్
కారణం: ఫుటింగుల్లో గట్టి బండ, బ్లాస్టింగ్ లేకుండా బ్రేకర్‌తో తవ్వకం
అదనపు రోజులు: 6
లైన్ 1: గట్టి బండ తవ్వకం, 86.4 × 1,150 = 99,360
లైన్ 2: మామూలు మట్టి తవ్వకం, −86.4 × 240 = −20,736
నికరం: 78,624

రెండో లైన్ చూడండి. ఆ 86.4 క్యూబిక్ మీటర్లకీ అసలు అగ్రిమెంట్‌లో మట్టి రేటు ఇప్పటికే ఉంది. దాన్ని తీసేయకుండా బండ రేటు కలిపితే ఒకే గుంటకి రెండు రేట్లు వసూలు చేసినట్టు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు మైనస్ పరిమాణం ఒప్పుకోవు, రేటుని మైనస్ చేయమంటాయి. ముందే పరీక్షించి చూసుకోండి. ఇలాంటి వర్క్స్ కాంట్రాక్ట్ (సామాను, కూలి కలిపి చేసే పని) మీద జీఎస్టీ 18 శాతం, ఇక్కడ 14,152.32 అవుతుంది. దాన్ని రేటులో కలిపేయకండి, పన్ను కోడ్‌గా విడిగా పంపండి.

డబ్బు లెక్కకి పైథాన్‌లో ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే అంకె రకం) వాడొద్దు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. దశాంశాలను కచ్చితంగా దాచే డెసిమల్ వాడండి. తేదీ విషయంలో ఇంకా జాగ్రత్త. మన సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 5:30 గంటలు ముందు. ఏప్రిల్ 1 అని అర్ధరాత్రి సమయంతో పంపితే యూటీసీలో అది మార్చి 31 సాయంత్రం 6:30 అవుతుంది. ఆర్డరు పాత ఆర్థిక సంవత్సరంలో పడిపోతుంది. తేదీ ఒక్కటే అడిగే ఫీల్డ్ ఉంటే అదే నింపండి, సమయం కూడా తప్పనిసరి అయితే +05:30 చేర్చండి.

ఇప్పుడు పోస్ట్ రిక్వెస్ట్, అంటే కొత్త రికార్డు పంపేది. సర్వర్ జవాబుగా 201 అనే కోడ్ వస్తే రికార్డు పడినట్టు. జవాబులో వచ్చిన ఐడీని వెంటనే రిజిస్టర్‌లో మన నంబరు పక్కన రాయించండి. టైమ్‌అవుట్ అయితే మళ్ళీ పంపకండి. ముందు మన నంబరుతో సర్వర్‌లో వెతికించండి, దొరికితే ఐడీ రాసుకుని ఆగండి, దొరక్కపోతేనే పంపండి. ఐడెంపొటెన్సీ కీ (ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్ళినా ఒక్కసారే పడేలా చూసే గుర్తు) తీసుకునే ఏపీఐ అయితే ఆ కీలోనూ మన నంబరే పెట్టండి. 401 అంటే టోకెన్ చెల్లదు, ఎక్కువగా గడువు అయిపోయి ఉంటుంది. 403 అంటే అనుమతి లేదు. 422 వస్తే జవాబు పూర్తిగా చదవండి, ఏ ఫీల్డ్ తప్పో చాలాసార్లు అందులోనే ఉంటుంది. 429 అంటే మరీ వేగంగా పంపుతున్నామని. ఎంతసేపు ఆగాలో చెబితే అంతసేపు ఆగండి.

పంపినదాన్ని గెట్‌తో మళ్ళీ చదివి మన షీటుతో పోల్చండి. నేను నికరం, లైన్ల సంఖ్య, తేదీ ఈ మూడూ చూస్తాను. కారణం తెలుగులో రాస్తే అక్షరాలు యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి) సరిగ్గా వచ్చాయో లేదో కూడా చూడండి. ఫోటోలు, కొలత షీటు చాలా చోట్ల రికార్డుతో కలిపి పోవు, ఐడీ వచ్చాక విడిగా అప్‌లోడ్ చేయాలి. అవి ఎక్కకుండా ఆమోదానికి పంపొద్దు.

ఆమోదం మాత్రం మనిషే ఇవ్వాలి. మడికొండ రికార్డు డ్రాఫ్ట్‌గా పడ్డాక ప్రింటు తీసి మా సార్‌కి ఇచ్చాను. క్లయింట్ ఇంజనీరు సంతకం పెట్టిన తర్వాతే ఆయన స్క్రీన్ మీద ఆమోదించారు. అప్పుడు కాంట్రాక్ట్ మొత్తాన్ని మళ్ళీ చదివించాను. పన్ను లేకుండా పాత మొత్తం కంటే సరిగ్గా 78,624 పెరిగింది. రిజిస్టర్‌లో ఏడో వరుసకి టిక్కు పెట్టి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను, తర్వాతి ఎనిమిదో నంబరు పిల్లర్ మార్పుకి ఇస్తున్నానని చెప్పడానికి.