వేసవికి ముందు బుల్లెట్ హెడ్ విప్పిస్తున్నారా?

ఎండలు ముదిరేలోపు బండికి హాట్ క్యామ్ (వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్) వేయించాలనో, హై కంప్రెషన్ పిస్టన్ (గాలీ పెట్రోలునీ ఇంకా ఇరుకులోకి నొక్కే పిస్టన్) దించాలనో చూస్తున్నారా? ఆ రెండిట్లో ఒక్కటే మార్చి ఊరుకుంటే డబ్బిచ్చి తలనొప్పి కొనుక్కున్నట్టే.

హాట్ క్యామ్‌తో ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. పిస్టన్ పైకి బయల్దేరినా అది తెరిచే ఉంటుంది కాబట్టి, తక్కువ ఆర్పీఎంలో పీల్చిన గాలీ పెట్రోలూ కొంత వెనక్కి పోతాయి. హైవే మీద లాగుతుంది గానీ విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర పికప్ ఉండదు. ఆ లోటు పూడ్చడానికే కంప్రెషన్ పెంచేది. క్యామ్ పాతదే ఉంచి కంప్రెషన్ మాత్రం పెంచారో, మే నెలలో డబుల్స్‌తో శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ గోలీల డబ్బా ఊపినట్టు మోగుతుంది. మిగిలిన పెట్రోలు ఆవిరి వేడికి తనంతట తానే పేలడమే ఆ మోత, దాన్నే నాకింగ్ అంటారు. పిస్టన్ నెత్తికి చిల్లు పడేది ఆ నాకింగ్ వల్లే.

లేత్ దగ్గరికి వెళ్లేముందు లెక్క వేసుకోండి. 346 సీసీ యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే) బుల్లెట్‌కి బోరు, అంటే సిలిండర్ వెడల్పు 70 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ నడిచే దూరం 90, కంప్రెషన్ 8.5, అంటే లోపలి చోటు 8.5 వంతుల్లో ఒక వంతుకి కుదించుకుపోతుంది. పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 46 సీసీ. కంప్రెషన్ 10 కావాలంటే అది 38.5కి తగ్గాలి. ఛాంబర్ నోరు బోరంత వెడల్పు అనుకుంటే, హెడ్ (సిలిండర్ మూత) 1 మి.మీ. కోస్తే తగ్గేది 3.8 సీసీ. అంటే 2 మి.మీ. కోయాలి! అప్పుడు వాల్వుల్ని కదిలించే పుష్‌రాడ్‌లు ఉండాల్సినదానికంటే పొడుగైనట్టవుతాయి, ఆ తేడాని హైడ్రాలిక్ ట్యాపెట్లు (క్యామ్‌కీ పుష్‌రాడ్‌కీ మధ్య ఉండేవి) సర్దుకోలేకపోతే వాల్వులు పూర్తిగా మూసుకోవు. ఇంతా చేస్తే కంప్రెషన్ వల్ల కలిసొచ్చేది కాగితం మీద 4–5 శాతం. రోజూ తిరిగే బండికి 9 దాటొద్దనే నేనంటాను. నాకింగ్‌ని బాగా తట్టుకునే 100 ఆక్టేన్ పెట్రోలు ప్రతి ఊరి బంకులో దొరకదు మరి.

బిగించేముందు, వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఎంత సందుందో చూడటానికి, పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే పెట్టి, పాత గాస్కెట్‌తోనే హెడ్ బిగించి, ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పండి. విప్పి, వాల్వ్ అచ్చు పడ్డచోట బ్లేడుతో కోసి కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 ఉంటే నిశ్చింత. నా బండికి మొదటిసారి ఎగ్జాస్ట్ వైపు అప్పడం మందమే మిగిలింది. కొలవకుండా కిక్ కొట్టుంటే వాల్వ్ వంగేది.

కొత్త క్యామ్ మీద పాత ట్యాపెట్లు వెయ్యకండి, క్యామ్ మీది ఉబ్బు (లోబ్) త్వరగా అరిగిపోవచ్చు. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు (ఫుల్ లిఫ్ట్‌లో) దాని స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకోకుండా చూడండి.

వంద కిలోమీటర్లయ్యాక ప్లగ్ విప్పండి. తెల్ల పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు చుక్కలు కనిపిస్తే నాకింగ్ మొదలైనట్టే. ఇగ్నిషన్ వెనక్కి జరపడమో (నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా చేయడమో), మందమైన గాస్కెట్ వెయ్యడమో అయ్యేదాకా బండిని బయటికి తియ్యకండి.